వంతెన తీగ మీద చివరి మనిషి

7 ఫిబ్రవరి 2023, మంగళవారం. ముసఫ్ఫా, అబుదాబి

ఈ డైరీ కల్పన ఇచ్చింది. ఆమె పనిచేసే క్లినిక్‌లో మందుల కంపెనీ వాళ్ళు పంచారట. ప్రతి పేజీ అడుగునా దగ్గు మందు సీసా బొమ్మ. రూమ్‌లో నా పక్క మంచం కల్పనది. "అక్కా, నీ భయాలు నాతోని చెప్పవు, బాషా బావతోని చెప్పవు. దీంట్లనన్న రాసుకో" అంది. జగిత్యాల పిల్ల, ఏదైనా మొహం మీదే అనేస్తుంది.

సరే, రాస్తున్నాను. ఇంట్లో మేము మాట్లాడుకునేది ఉర్దూ. రాసుకోవడానికి మాత్రం రాయచోటి బళ్ళో నేర్చుకున్న తెలుగే నాకు చేతనవుతుంది. వాళ్ళ మాటలు కూడా తెలుగులోకి తిప్పే రాస్తాను. మా అత్తమ్మకు తెలుగు చదవడం రాదు కాబట్టి ఇంకా మేలు.

నేను పనిచేసే ప్రింటింగ్ షాపులో కొత్త ఆర్డర్ వచ్చింది. సముద్రం ఒడ్డున కార్నిష్ దగ్గర ఎవరో బర్గర్ హోటల్ పెడుతున్నారు. గోడల నిండా పాత అమెరికా కావాలట, నూరేళ్ళ కిందటి అమెరికా. సుజిత్ సార్ అక్కడి లైబ్రరీ వాళ్ళు నెట్‌లో పెట్టిన ఫొటోలు దింపి నా కంప్యూటర్లో పడేశాడు. "తహ్మీనా, సాఫ్ కర్‌నా హై, బస్" అన్నాడు. శుభ్రం చేస్తే చాలట! ఒక్కో దాని మీద గీతలు, బూజు మచ్చలు, మూలన ఎవరిదో బొటనవేలి ముద్ర. అవన్నీ తుడిచి, గోడంత పెద్దవి చేసి ప్రింటుకు ఇవ్వాలి.

పని నాకు కొత్తేమీ కాదు. రాయచోటి స్టూడియోలో చేసింది ఇదే. కాకపోతే అక్కడ ఎక్కువగా చనిపోయినవాళ్ళ ఫొటోలు. పెళ్ళి గ్రూపులోంచి మనిషిని కత్తిరించి, కోటు తొడిగి, వెనక నీలం తెర పెట్టి ఇచ్చేవాళ్ళం. మా ఓనరుది ఒకటే రూలు. బతికున్నవాళ్ళని గ్రూపులోంచి కత్తిరించకూడదు. పాస్‌పోర్టు ఫొటో కావాలన్నా మనిషిని పిలిపించి కొత్తగా తియ్యాల్సిందే. అప్పుడు నవ్వుకునేదాన్ని. ఇప్పటికీ ఆ రూలు తప్పలేదు.

ఈరోజు న్యూయార్క్ బిల్డింగు ఒకటి చేశాను. ఇస్త్రీపెట్టె ఆకారంలో ఉందని దాని పేరే అది. ముందు మంచు, ఒక గుర్రబ్బండి. గుర్రానికి తల లేదు. తల ఊపి ఉంటుంది, అందుకని చెరిగిపోయింది. ఆ కాలం కెమెరాకి నిలబడ్డవాళ్ళే దక్కేవాళ్ళు, కదిలినవాళ్ళు పొగలా మిగిలేవాళ్ళు.

8 ఫిబ్రవరి, బుధవారం

ఇవాళ్టిది బ్రూక్లిన్ వంతెన. ఫైలు మీద 1914 అని ఉంది. వంతెన ఇనుప తీగల మీద పెయింటర్లు, టోపీలు పెట్టుకుని, వరుసగా. కాళ్ళ కింద ఏమీ లేదు. ఒక్కడికి కూడా బెల్టు లేదు!

వెంటనే మా ఆయనకి పంపాను. ఇక్కడికి రెండు మూడు గంటల దూరంలో, రువైస్ రిఫైనరీలో ఆయన చేసేది ఇదే కదా, పైపులు బిగించుకుంటూ ఆకాశం దాకా పరంజా కట్టడం. కింద ఇలా రాశాను: "చూడండి చాంద్ బాషా గారూ, వీళ్ళకి బెల్టు లేదు, హెల్మెట్ లేదు. మీరేమో రెండు హుక్కులు తగిలించుకుని కూడా గాలి ఎక్కువగా ఉందని గోల పెడతారు." నవ్వు బొమ్మలు కూడా పెట్టాను, ఒక వరుస నిండా.

మామూలుగా అయితే నాకు తగిన జవాబు ఇచ్చేవాడు. సాయంత్రానికి బొటనవేలి బొమ్మ ఒకటి వచ్చింది, అంతే. అలసిపోయి ఉంటాడు.

12 ఫిబ్రవరి, ఆదివారం

ఆదివారం బోటిమ్ యాప్‌లో వీడియో కాల్ మాకు అలవాటు. క్యాంపులో ఏం వండారో కంచం చూపిస్తాడు, నేను నా కంచం చూపిస్తాను. ఇవాళ కాల్ రాలేదు, ఫొటో వచ్చింది. పరంజా చిట్టచివర నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. వెనక పొగగొట్టం, అంత ఆకాశం.

ప్లాంటులోకి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు. ఫోర్‌మన్ లింబాద్రి అన్న దగ్గర కంపెనీ కెమెరా ఉంటుంది. కట్టడం పూర్తయ్యాక రిపోర్టు కోసం ఫొటో తీస్తాడు, ఎత్తు తెలియడానికి ఎవరో ఒకరు అందులో నిలబడతారు. ఇది అలాంటిదే.

"షట్‌డౌన్ మొదలైంది. డ్యూటీ మీద డ్యూటీ" అని రాశాడు. ప్లాంటు ఆపేసి రిపేర్లు చేసే కాలం అంటే అంతే. పోయినేడాది కూడా ఇలాగే అన్నాడు. కానీ పోయినేడాది కాల్ చేశాడు.

పర్వాలేదు. మనిషి కనిపించాడు కదా.

15 ఫిబ్రవరి

శాన్‌ఫ్రాన్సిస్కో, 1906, భూకంపం తర్వాత. ఊరు ఊరంతా ఇటుకల కుప్ప. మధ్యలో ఒక కుటుంబం కుర్చీలు వేసుకుని కెమెరా వైపు చూస్తోంది. ఎంత ధైర్యమో! లేకపోతే, ఏం జరిగిందో ఇంకా తెలియలేదేమో.

19 ఫిబ్రవరి, ఆదివారం

మళ్ళీ ఫొటోనే. ఇందులో ఒక చేత్తో పైపు పట్టుకుని, రెండో చెయ్యి ఊపుతూ. అత్తమ్మకి పంపాను. ఆమె వీధిలో నలుగురికీ చూపించి ఉంటుంది, ఇరుగమ్మ పొరుగమ్మలకి కొడుకుని చూపించడమే ఆమె పండగ.

మధ్యాహ్నం నేనే కాల్ చేశాను. ఎత్తాడు. మాట బాగానే ఉంది.

"వీడియో పెట్టండి."

"నెట్ లేదు తహ్మీ."

"మాట వస్తోంది, బొమ్మ రాదా?"

"రాదు. నువ్వు తిన్నావా?"

వెనకాల ఎవరో "యల్లా, యల్లా, బస్ ఆగయా" అని అరుస్తున్నారు. ఉంటాను అని పెట్టేశాడు. ఆదివారం కూడా బస్సు ఎందుకొచ్చిందో అడగాల్సింది. షట్‌డౌన్ కదా, ఆదివారం కూడా పనే. నాకు తట్టనే లేదు, అంతే.

24 ఫిబ్రవరి

వంతెన ఫొటో హోటల్లో పెద్ద గోడకి పోతుందట. సుజిత్ సార్ కొలతలు తెచ్చాడు. గోడకి కుడివైపు కిచెన్ తలుపు వస్తుంది. ఫొటోలో తీగ మీద చివర నిలబడ్డ మనిషి సరిగ్గా తలుపు అంచులో సగానికి తెగిపోతాడు.

"ఆ చివరి ఆద్మీని తీసేయ్" అన్నాడు సార్. "తీగ కంటిన్యూ చేసెయ్. క్లయింట్ ఓకే అన్నాడు."

చిన్న పని. టీ తాగి వచ్చేలోపు అయిపోతుంది. "అలాగే సార్" అన్నాను. ఫైలు మూసి నయాగరా జలపాతం తెరిచాను.

28 ఫిబ్రవరి

ఎల్లిస్ ఐలాండ్. ఓడ దిగి అమెరికాలో అడుగుపెట్టిన జనం, వరుసలో. ఒకామె కోటుకి కాగితం గుచ్చి ఉంది. డాక్టరు చూస్తాడని భయమో ఏమో, మొహం బిగించుకుంది. నేను ఇక్కడ దిగాక మెడికల్‌కి వరుసలో నిలబడ్డ రోజు గుర్తొచ్చింది. రక్తం తీస్తున్నప్పుడు కూడా నవ్వాను, నవ్వితే పాస్ చేస్తారనుకుని.

ఈమె మొహం మీద గీత ఒకటి అడ్డంగా ఉంది. ఓపిగ్గా తుడిచాను.

2 మార్చి

చివరి మనిషిని ఇంకా తియ్యలేదు.

7 మార్చి

కల్పన క్లినిక్ నుంచి వచ్చి బ్యాగు కూడా దించకుండా నా మంచం మీద కూర్చుంది.

"అక్కా, రువైస్ దిక్కు ఎవరో పైకెల్లి పడ్డడట. తెలుగాయన్నేనట. మా దగ్గరికి మందులకొచ్చిన డ్రైవర్ చెప్పిండు."

"ఎప్పుడు?"

"పోయిన నెలనట."

అయితే ఆయన కాదు. ఆదివారం కూడా ఫొటో వచ్చింది కదా. పడినవాడు ఫొటో ఎలా పంపుతాడు?

"బావనే అడుగరాదు?" అంది.

"ఇలాంటివి అడిగితే ఆయనకి కోపం" అన్నాను. పెళ్ళయ్యాక ఆయనకి కోపం రావడం నేను చూడలేదు. మరి అలా ఎందుకన్నానో.

12 మార్చి, ఆదివారం

ఫొటో వచ్చింది. బాగున్నాడు.

18 మార్చి

అత్తమ్మ ఫోన్. మా అత్తమ్మ అమీనాబీ సలాంతో మొదలుపెట్టే మనిషి కాదు.

"ఏమ్మే, నా కొడుకు నాకు ఫోన్ జేసి నెలైంది. నువ్వేమన్నా అన్నావా వాణ్ణి?"

"నేనేమంటాను అత్తమ్మా! పని ఎక్కువగా ఉంది. ఫొటోలు పంపుతున్నాను కదా."

"ఆ ఫొటోల్లో వాడెక్కడ కనపడతాడు? చీమంత ఉంటాడు. బక్కగైనాడో, బాగున్నాడో ఏం తెలుస్తాది? దగ్గరికి జేసి పంపు."

"పంపుతాను" అన్నాను.

దగ్గరికి చెయ్యడమంటే కత్తిరించడం. రాయచోటిలో బల్ల ముందు కూర్చుని ఇది ఎంతమందికి చేశానో. కొడుకులు పెళ్ళి ఆల్బం తెచ్చి, "ఇదిగో, ఇక్కడ వెనకాల నిలబడ్డాడు మా నాయన, ఇదొక్కటే ఉంది" అని వేలు పెట్టి చూపించేవాళ్ళు. నేను ఆ మనిషి చుట్టూ గీత గీసేదాన్ని. మా ఆయన చుట్టూ గీత గియ్యను. అత్తమ్మ ఎన్ని తిట్టినా సరే.

వంతెన మీద చివరి మనిషి సంగతీ అదే. ఆయన ఎప్పుడో పోయి ఉంటాడు, పేరు కూడా ఎవరికీ తెలియదు. నాకు అదంతా తెలుసు. మౌస్ మీద చెయ్యి వేసేసరికి రువైస్‌లో గాలి వీస్తున్నట్టు ఉంటుంది. పిచ్చి నాకు, మరేం లేదు.

23 మార్చి, గురువారం

రంజాన్ మొదలైంది. ఇఫ్తార్‌కి కల్పన ఖర్జూరాలు కొనుక్కొచ్చింది, ఉపవాసం లేకపోయినా నాకంటే ముందే గడియారం చూస్తూ కూర్చుంది.

కోనీ ఐలాండ్ చేశాను. చీకట్లో బల్బుల కోటలు, గోపురాలు. మనుషులు ఒక్కరూ కనపడరు, జనం కిటకిటలాడే చోటట అది. అందరూ నడుస్తూ ఉండి ఉంటారు. ఒక బెంచీ మీద నిద్రపోతున్నవాడు మాత్రం చక్కగా పడ్డాడు.

ఈద్‌కి వస్తాడా? అడిగాను. "చూద్దాం" అన్నాడు. పోయిన ఈద్‌కి నేను అడగకముందే టికెట్ ఫొటో పంపాడు.

1 ఏప్రిల్, శనివారం

ఆయనే కాల్ చేశాడు! మాట కూడా కాస్త హుషారుగా ఉంది. బెల్టుల టేపు మారే రోజట ఇవాళ. మూడు నెలలకోసారి బెల్టులన్నీ పరీక్ష చేసి, బాగున్నవాటికి కొత్త రంగు టేపు చుడతారు. జనవరి నుంచి మార్చి దాకా ఆకుపచ్చ. ఈరోజు నుంచి నీలం. పాత రంగుతో గేటు దాటి ఒక్క మనిషిని కూడా పైకి ఎక్కనివ్వరు.

"నీలం టేపు చుట్టి చుట్టి నా వేళ్ళు వాచిపోయాయి తహ్మీ."

"మీ బెల్టు ఒక్కటే కదా, వేళ్ళు వాచేంత ఏముంది?"

"అందరివీ నేనే చుట్టాను" అన్నాడు. "ఖాళీగా ఉన్నానని లింబాద్రి అప్పగించాడు."

ఆయన అంతే, ఎవరు ఏ పని చెప్పినా కాదనడు. ఇవాళ నాకు నిశ్చింతగా ఉంది. బిర్యానీ తెప్పించుకుని నేనూ కల్పనా తిన్నాం.

9 ఏప్రిల్, ఆదివారం

ఫొటో వచ్చింది. బాగున్నాడు. పెద్దది చేసి చూడలేదు.

చూడాల్సిన పనేముంది?

12 ఏప్రిల్

సుజిత్ సార్ నా కుర్చీ పక్కన వచ్చి నిలబడ్డాడు. అన్ని ఫొటోలూ అయిపోయాయి, వంతెన ఒక్కటే మిగిలింది. "తహ్మీనా, ఏమైంది? పది నిమిషాల పని" అన్నాడు. నేను రూలు సంగతి చెప్పాను, స్టూడియోది. మా ఆయన గురించిన భయం చెప్పలేదు. చెప్పకపోయినా సార్‌కి ఏదో అర్థమైనట్టుంది. తన చెల్లెలు కూడా కేరళలో ఇలాంటివి పాటిస్తుందని అన్నాడు.

"ఈద్ తర్వాత ప్రింట్. అప్పటికి నువ్వు చెయ్యకపోతే నేను చేస్తాను. నో టెన్షన్."

సారే చేస్తాడంటే ఇంకా భయం వేసింది. ఆ చివరి మనిషి వేరేవాళ్ళ చేతిలోకి పోతాడు.

16 ఏప్రిల్, ఆదివారం

ఫొటో వచ్చింది. ఈద్‌కి రావడం కుదరదు అని కూడా వచ్చింది.

రూమ్‌లో ఎవరూ లేరు. కల్పన బట్టలు ఆరేయడానికి టెర్రస్ మీదికి పోయింది. నేను కత్తిరించలేదు. రెండు వేళ్ళతో పెద్దది చేశాను, అంతే. మొహం బాగుంది. చేతులు ఉన్నాయి. కాళ్ళు ఉన్నాయి. ఛాతీ మీద బెల్టు ఉంది. బెల్టుకి టేపు ఉంది.

పచ్చ.

పోయిన ఆదివారం వచ్చినదాన్ని కూడా తెరిచాను. పచ్చ. నీలం ఒక్కటీ లేదు.

టేపు మార్చుకోవడం మర్చిపోయి ఉంటాడు. బద్ధకం.

మార్చుకోకపోతే ఎక్కనివ్వరని ఆయనే చెప్పాడు.

ఫొటోలో రంగులు మారిపోతాయి, ఎండకి నీలం పచ్చగా కనపడుతుంది. అలా కనపడదు. నా పనే అది, నాకు తెలియదా? పక్కన నీలం డ్రమ్ము నీలంగానే ఉంది.

అంటే ఇవన్నీ ఏప్రిల్ కంటే ముందువి. నాకు పాత ఫొటోలు పంపుతున్నాడు. హోటల్ వాళ్ళ గోడకి నేను అతికిస్తున్నట్టు, నా కళ్ళకి ఆయన అతికిస్తున్నాడు. మరి ఇప్పటి ఫొటోలో ఏముంది? ఎందుకు చూపించడు? వీడియో ఎందుకు పెట్టడు? మొహానికి ఏమైనా అయిందా? కాళ్ళకా?

ఫిబ్రవరిలో పడ్డాయన. తెలుగాయన.

కల్పన పైనుంచి వచ్చేసరికి నేను గోడకి ఆనుకుని కింద కూర్చుని ఉన్నానట. నాకు గుర్తు లేదు.

17 ఏప్రిల్

లంచ్‌లో షాపు వెనక్కి వెళ్ళి లింబాద్రి అన్నకి ఫోన్ చేశాను. రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి ఎత్తాడు.

"అన్నా, ఆయనకి కాళ్ళూ చేతులూ ఉన్నాయా?"

నమస్తే కూడా చెప్పలేదు.

"ఉన్నయి చెల్లె. అల్లా మీద ఒట్టేసి చెప్తున్న, ఉన్నయి" అన్నాడు. లింబాద్రి అన్న నరసింహస్వామిని మొక్కే మనిషి. నాకోసం నా దేవుడి మీద ఒట్టేశాడు. అప్పుడు ఏడుపు వచ్చింది.

"మరి ఏం దాస్తున్నారు నా దగ్గర?"

"పడలే చెల్లె. పలక జారింది, బెల్టుకు ఏలాడిండు. మేం పోయి దించేదాంక అట్లనే ఉన్నడు గాల్ల. దెబ్బ ఒక్కటి తాకలే. గని మల్ల నిచ్చెన ఎక్కుమంటే చేతులు వణుకుడు. మూడు మెట్లు ఎక్కుతడు, ఆగుతడు. ముదీర్, గదే మేనేజర్, జూసిండు, ఈడ పెట్టుకోనన్నడు. ఐకాడ్‌ల కంపెనీ యార్డుకు పంపిన్రు. ఆడ బెల్టులు జూసుడు, టేపు సుట్టుడు. గప్పటి సంది గాడనే ఉన్నడు."

ఐకాడ్! నా షాపు నుంచి ట్యాక్సీ ఎక్కి కూర్చుంటే సీటు వేడెక్కేలోపు వచ్చే ఐకాడ్!

"ఫొటోలు?"

"జనవరిలవి. నేనే ఇచ్చిన. నాకు సుత తప్పే అనిపిచ్చింది, గని వాడు అడుగుతుంటె కాదనబుద్ధి గాలే."

"నాకెందుకు చెప్పలేదు అన్నా?"

"చెప్తుండెనమ్మా. ఆ పొద్దే దిగినంక, గేటు బయటికొచ్చి, నీకు చెప్తనని ఫోన్ తీసిండు. అప్పటికే నువ్వేదో ఫొటో పంపినవ్. వంతెన మీద మనుషులది. నాకు సూపెట్టిండు. నవ్విండు. మల్ల ఫోన్ జేబుల వెట్టుకున్నడు."

షాపులోకి వచ్చి ఈ డైరీ వెనక్కి తిప్పాను. ఫిబ్రవరి 8. నవ్వు బొమ్మలు కూడా పెట్టాను, ఒక వరుస నిండా.

21 ఏప్రిల్, శుక్రవారం. ఈద్

నమాజు వేళ అయ్యాక షీర్ ఖుర్మా పాయసం ఫ్లాస్కులో పోసుకుని ఐకాడ్ వెళ్ళాను. చెప్పలేదు. చెప్తే ఇంకెక్కడికైనా పోతాడని భయం.

క్యాంపు గేటు దగ్గర నేపాలీ వాచ్‌మన్ పేరు రాసుకున్నాడు. "చాంద్ బాషా? స్టోర్ వాలా?" అన్నాడు. స్టోర్ వాలా. నలుగురికీ తెలిసిన పేరు, నాకు తప్ప.

వచ్చాడు. కొత్త కుర్తా, మడతలు కూడా విప్పుకోలేదు. సన్నబడ్డాడు. కాళ్ళున్నాయి, చేతులున్నాయి. కుడి బొటనవేలికి నీలం టేపు ముక్క అంటుకుని ఉంది. నన్ను చూసి, నడుస్తున్నవాడు ఆగిపోయాడు. నేను వెళ్ళి ఆ చెయ్యి పట్టుకున్నాను. ఇన్ని రోజులుగా ఏమేమి అనాలో బస్సులో, మంచం మీద, కంప్యూటర్ ముందు అనుకుంటూనే ఉన్నాను.

"టేపు" అన్నాను. "పచ్చది."

ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఎర్రబడిపోయాడు. యార్డులో ఉన్న బెల్టులన్నిటికీ ఆ చేతులతోనే నీలం చుట్టిన మనిషి, తన ఫొటోలో పచ్చ చూసుకోలేదు.

గోడ నీడలో కూర్చున్నాం. ఫ్లాస్కు మూతలో పోసి ఇచ్చాను. చేతులు వణుకుతాయేమోనని చూశాను, వణకలేదు.

"నేల మీద బాగానే ఉంటాయి" అన్నాడు, నేను చూడటం చూసి. "మూడో మెట్టు దాటితే నావి కావు. కళ్ళు మూసుకుంటే ఇంకా వేలాడుతూనే ఉన్నట్టుంటుంది తహ్మీ. మగాణ్ణి, పరంజా వాణ్ణి, ఎక్కలేనని నీతో ఎలా అనాలి? నువ్వేమో..." అని ఆపేశాడు.

"నేను ఎగతాళి చేశాను" అన్నాను.

"నువ్వు ఎప్పుడూ చేస్తావు కదా. నాకు అదే ఇష్టం కూడా. ఆ రోజు మాత్రం తట్టుకోలేకపోయాను."

కోపం అప్పుడు వచ్చింది నాకు, ఆయన మీదో నా మీదో. "ఇంత దగ్గర ఉండి! ఒక్కసారి నా షాపు ముందు నుంచైనా పోలేదా?"

"రోజూ పోతాను. ఆరింటి బస్సు మీ రోడ్డు మీదుగానే యార్డు నుంచి క్యాంపుకి వస్తుంది. నువ్వు కిటికీ పక్కన కంప్యూటర్ ముందు కూర్చుంటావు, బుగ్గ కింద చెయ్యి పెట్టుకుని. రోజూ చూస్తాను."

"చెయ్యి ఊపచ్చు కదా!"

"ఊపితే దిగాలి. దిగితే చెప్పాలి."

అక్కడే గేటు పక్కన, వాచ్‌మన్ చూస్తుండగా, ఏడ్చాను. ఆయన నీలం టేపు ఉన్న వేలితోనే తుడిచాడు. తర్వాత ఫోన్ తీసి ఆ వంతెన ఫొటో చూపించాను. "సరిగ్గా చూడండి. ఒక్కడి చేతిలో బ్రష్ ఉందా? రంగు డబ్బా ఉందా? అందరూ కెమెరా వైపు తిరిగి నిలబడ్డారు. వీళ్ళు కూడా ఫొటో కోసం ఎక్కినవాళ్ళే, మీలాగా."

పెద్దది చేసి ఒక్కొక్కణ్ణీ చూశాడు. ఫిబ్రవరి తర్వాత మొదటిసారి ఆయన నవ్వు విన్నాను, గొంతులోంచి కాదు, కడుపులోంచి.

ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఎక్కకపోతే జూలైలో కాంట్రాక్టు పొడిగించరట. ఎక్కుతానని రాసివ్వమంటున్నారట. "రాసివ్వకండి" అన్నాను. "పంపితే పంపనీ." భయం వేస్తూనే అన్నాను. ఈ భయం వేరు. దీంట్లో ఇద్దరం ఉన్నాం.

వచ్చేముందు ఫొటో తీశాను. గోడ ముందు, నేల మీద, ఆయన ఒక్కడే, మొహం నిండుగా. గ్రూపులోంచి కత్తిరించింది కాదు. మనిషిని పిలిపించి కొత్తగా తీసింది. అత్తమ్మకి పంపాను. వెంటనే వాయిస్ మెసేజ్ వచ్చింది, ఇద్దరం కలిసి విన్నాం.

"ఇప్పుడు కనిపించినాడు నా కొడుకు. కింద నిలబడి తీసుకుంటే ఎంత బాగుందో చూడు. ఆ పైకెక్కి తీసుకునేవి నాకెప్పుడూ నచ్చలేదు, గుండె దడ. వాడికి చెప్పు."

ఆయన దాన్ని మళ్ళీ మళ్ళీ పెట్టి విన్నాడు.

24 ఏప్రిల్, సోమవారం

పొద్దున్నే వంతెన ఫైలు తెరిచాను. తీగ మీద చివరి మనిషి చుట్టూ గీత గీశాను. బిస్మిల్లా అనుకుని తీశాను. ఆయన వెనకున్న ఆకాశం నింపాను, కాళ్ళ కింద తీగ కలిపాను. ఇన్నాళ్ళూ ఆయన్ని తోసేయమంటున్నారు అనుకున్నాను. దించమంటున్నారని తట్టనే లేదు.

సుజిత్ సార్ వచ్చి చూశాడు. "షాబాష్! ఎక్కడికి పోయాడు మన ఆద్మీ?"

"దిగాడు సార్" అన్నాను.

సాయంత్రం పని ముగించినా లేవలేదు. కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నాను. ఆరింటి బస్సు దుమ్ము లేపుకుంటూ వచ్చింది. ఆగలేదు. వెనక కిటికీలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చి ఊగింది, మలుపు తిరిగేదాకా ఊగుతూనే ఉంది. నూరేళ్ళ కిందటి కెమెరా అయితే ఆ చెయ్యి ఫొటోలో పడేది కాదు. నేను చూశాను.